యొప్పే రేవు పక్క వీధి



తెలుగు బైబిలు చదివే ఇళ్లలో యొప్పే అనే ఊరి పేరు తెలియనివాళ్లు ఉండరు. దేవుడు ఒక దిక్కుకు పొమ్మంటే యోనా ఇంకో దిక్కుకు ఓడెక్కింది ఆ రేవులోనే. చర్మకారుడైన సీమోను ఇంట్లో పేతురు బస చేసిందీ అక్కడే. మధ్యాహ్నం మిద్దె మీద ప్రార్థన చేసుకుంటూ ఉంటే ఆయనకు ఒక దర్శనం కలుగుతుంది. ఆకాశం నుంచి పెద్ద దుప్పటిలాంటిది దిగుతుంది. అందులో యూదులు ముట్టకూడని జంతువులు కూడా ఉంటాయి, వాటిని తినమని ఒక స్వరం వినిపిస్తుంది. దాని అర్థమేమిటో తేలక ఆయన సతమతమవుతూ ఉండగానే, యూదుడు కాని కొర్నేలీ పంపిన మనుషులు వాకిట్లోకి వచ్చి నిలబడతారు. పరాయివాడి గడప తొక్కవచ్చా, అతనితో కూర్చుని అన్నం తినవచ్చా అన్న ప్రశ్న ఆ ఊళ్లో అంత పాతది.

ఆ యొప్పేను ఇవాళ అరబ్బులు యాఫా అంటారు, యూదులు యాఫో అంటారు. మిగతా లోకానికి అది జాఫా, నారింజపండ్లకు పేరుపడిన జాఫా. పాత రేవుకు దక్షిణాన, సముద్రం ఒడ్డునే ఒక పేట ఉంది. దాని పేరు అజమీ. ఇబ్రాహీం అల్ అజమీ అనే పుణ్యపురుషుడి పేరు మీద వచ్చిందంటారు. అరబ్బీలో అజమ్ అంటే అరబ్బులు కానివాళ్లు. ఉర్దూ చదువుకున్న మన హైదరాబాదీలకు ఈ మాట కొత్త కాదు. అరబ్బులు తరతరాలుగా ఉంటున్న పేటకు అరబ్బు కానివాడని అర్థమిచ్చే పేరుండడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ పేట పేరుతోనే 2009లో వచ్చిన సినిమా గురించి. దాన్ని తీసినవాళ్లు ఇద్దరు. స్కందర్ కోప్తీ జాఫాలో పుట్టిన అరబ్బు. హైఫాలోని టెక్నియాన్‌లో మెకానికల్ ఇంజినీరింగ్ చదివి సినిమా వైపు వచ్చాడు. యారోన్ షానీ యూదుడు, టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంలో సినిమా చదువుకున్నాడు. 2002లో ఒక విద్యార్థి చలనచిత్రోత్సవం దగ్గర ఇద్దరికీ పరిచయమైంది. సినిమా తెర మీదికి రావడానికి ఏడేళ్లు పట్టింది. ఇద్దరికీ అదే మొదటి పెద్ద సినిమా.

సినిమా గురించి రేడియోలో చెప్పడం ఎందుకని మీకు అనిపించవచ్చు. ఈ సినిమా కంటితో సగం, చెవితో సగం అర్థమవుతుందని నా నమ్మకం. ఎవరు ఎవరితో ఏ భాషలో మాట్లాడుతున్నారు, ఎక్కడ భాష మార్చారు, ఎక్కడ నోరు మూసుకున్నారు అన్న దాంట్లోనే అసలు కథంతా ఉంది. అందుకే రేడియోలో మీతో పంచుకోవాలనిపించింది.

కథ ఒక తుపాకీ దెబ్బతో మొదలవుతుంది. ఒక కుర్రాడు వీధిలో కారు బాగుచేసుకుంటూ ఉంటాడు. ఎవరో వచ్చి కాల్చేసి పోతారు. వాళ్లు చంపాలనుకున్నది పక్కింటి ఒమర్‌ను. ఒమర్‌కు పంతొమ్మిదేళ్లు. అతను చేసిన తప్పేమీ లేదు. అతని బాబాయి తన కొట్టుకు మామూళ్ల కోసం వచ్చిన ఒక బెదూయిన్ తెగ మనిషిని కాల్చాడు, అంతే. ఆ పగ ఇప్పుడు ఇంటిల్లిపాది మీదికి వచ్చింది. ఇదంతా మనకు చెబుతున్నది ఒమర్ తమ్ముడు నస్రీ, పదమూడేళ్ల వాడు. వాడికి బొమ్మలు గీసే అలవాటు. చూసిందీ భయపడిందీ అంతా కాగితం మీద పెడుతుంటాడు.

పగ చల్లారడానికి అక్కడ ఒక పద్ధతి ఉంది, దాన్ని సుల్హా అంటారు. పోలీసు స్టేషనుకూ కోర్టుకూ బయట, పెద్దమనుషుల సమక్షంలో జరిగే రాజీ. నేరం చేసిన వైపు వాళ్లు ఊళ్లో మాట చెల్లుబాటయ్యే పెద్దలను కూడగట్టి అవతలి ఇంటికి పంపుతారు. ఆ బృందాన్ని జాహా అంటారు. ముందుగా కొంత సొమ్ము కట్టి కొన్నాళ్లపాటు ఎవరూ ఎవరి మీదా చెయ్యి ఎత్తకుండా ఒప్పందం చేసుకుంటారు. ఆ తర్వాత ప్రాణానికి వెల కట్టి నష్టపరిహారం నిర్ణయిస్తారు, దాన్ని దియ్యా అంటారు. అంతా కుదిరితే రెండు వైపుల వాళ్లూ చేదు కాఫీ తాగి, కలిసి భోజనం చేస్తారు. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల వైపు శ్రోతలకు ఈ దియ్యా సంగతి వేరే చెప్పక్కర్లేదు. గల్ఫ్ దేశాల్లో కేసుల్లో ఇరుక్కున్న కొడుకుల కోసం, భర్తల కోసం ‘బ్లడ్ మనీ’ అంటూ చందాలు పోగుచేసిన ఊళ్లు అక్కడ ఉన్నాయి. చచ్చిపోయిన మనిషి కుటుంబం క్షమించానని సంతకం పెడితే తప్ప బతికున్నవాడు ఇంటికి రాలేడని ఆ తల్లులకు తెలుసు.

సినిమాలో సుల్హా జరిగే దృశ్యం నేను చూసిన గొప్ప సన్నివేశాల్లో ఒకటి. పెద్దమనిషి మధ్యలో కూర్చుని కట్టాల్సిన సొమ్ము ఎంతో చెబుతాడు. అది వినగానే ఒమర్ వాళ్ల ముఖాల్లో రక్తం ఇంకిపోతుంది. అప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరూ అందుకుంటారు. దేవుడి పేరు మీద కొంత తగ్గించండి, ప్రవక్త పేరు మీద కొంత, ఇక్కడికి వచ్చిన పెద్దల ముఖం చూసి ఇంకొంత. లెక్క మెట్టు మెట్టుగా దిగుతూ వస్తుంది. అది వేలంపాటలా సాగుతుంది, మరో చెవికి ప్రార్థనలా వినిపిస్తుంది. అక్కడ గొంతు పెంచే మనిషి ఒక్కడూ లేడు. అంత మర్యాదగా ఒక ఇంటిని అప్పులో ముంచడం చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. చివరికి తేలిన మొత్తం కూడా ఒమర్ జన్మలో సంపాదించగలిగింది కాదు. గడువు మాత్రం కొద్ది వారాలే.

ఆ రాజీ కుదిర్చింది అబూ ఇలియాస్. క్రైస్తవ అరబ్బు, హోటలు నడుపుతాడు, నలుగురిలో పలుకుబడి ఉన్నవాడు. ఒమర్ ముస్లిం. అబూ ఇలియాస్ కూతురు హదీర్, ఒమర్ ప్రేమించుకుంటున్నారు. ఆ సంగతి తండ్రికి తెలియకూడదు. యూదులూ అరబ్బులూ అని రెండు ముక్కలుగా మాట్లాడేసే మనలాంటి దూరపు వాళ్లకు ఈ సినిమా చేసే మొదటి మేలు ఇది. అరబ్బులు అన్న ఒక్క మాట లోపల ముస్లిం, క్రైస్తవ, బెదూయిన్, జాఫా వాడు, నాబ్లుస్ వాడు అని ఎన్ని గీతలున్నాయో, ఆ గీత దాటితే ఎంత నష్టమో చూపిస్తుంది. మన పల్లెల్లో పుట్టిపెరిగినవాళ్లకు ఇది విడమరచి చెప్పాల్సిన పనిలేదు.

అదే హోటల్లో మాలిక్ అనే పదహారేళ్ల కుర్రాడు పనిచేస్తుంటాడు. వాడిది వెస్ట్ బ్యాంక్‌లోని నాబ్లుస్. ఇజ్రాయెల్‌లోకి రావడానికి పర్మిట్ కావాలి, వాడికి అది లేదు. దొంగచాటుగా దాటి వచ్చి, దొరికిన పని చేసుకుంటూ ఉంటాడు. తల్లికి ఎముక మజ్జ మార్పిడి చేయించాలి, దానికి డబ్బు కావాలి. ఒమర్‌కు ఒక ప్రాణం ఖరీదు కావాలి, మాలిక్‌కు ఇంకో ప్రాణం ఖరీదు కావాలి. ఇద్దరు పిల్లల మధ్య స్నేహం ఆ అవసరం మీదే అల్లుకుంటుంది.

ఒమర్, మాలిక్ ఇద్దరూ అరబ్బులే, ఇద్దరి మాతృభాషా ఒకటే. ఒమర్ జేబులో ఇజ్రాయెల్ గుర్తింపు కార్డు ఉంది. పోలీసు ఆపితే హీబ్రూలో జవాబు చెప్పుకోగలడు. మాలిక్ మాత్రం పోలీసు కనబడితే గోడచాటుకు పోవాలి. 1948 యుద్ధం గీసిన గీతకు ఎవరు ఇటుపక్క మిగిలారు, ఎవరు అటుపక్క మిగిలారు అన్న దాన్ని బట్టి మనవల బతుకు నిర్ణయమైపోయింది. సినిమా 1948 గురించి నేరుగా పాఠం చెప్పదు. కానీ తెలుసుకుని చూస్తే ప్రతి గోడా మాట్లాడుతుంది. అందుకని ఆ కథ కొంచెం చెబుతాను.

1948కి ముందు జాఫాలో దాదాపు 70,000 మంది అరబ్బులు ఉండేవారు. పత్రికలు, సినిమా హాళ్లు, నారింజ ఎగుమతి కంపెనీలు ఉన్న పెద్ద ఊరు అది. 1948 ఏప్రిల్ చివరలో ఇర్గున్ అనే యూదు సాయుధ దళం ఊరి మీద దాడి మొదలుపెట్టింది. మే 13న ఊరు లొంగిపోయింది. జనం పడవలెక్కి గాజాకు, లెబనాన్‌కు పోయారు. మళ్లీ రానివ్వలేదు. మిగిలింది సుమారు 4,000 మంది. వాళ్లందరినీ అజమీ పేటలోకి చేర్చి చుట్టూ ముళ్లకంచె వేశారు. కొంతకాలం సైనిక పాలనలో ఉంచారు. వెళ్లిపోయినవాళ్ల ఆస్తులు 1950లో వచ్చిన చట్టంతో ప్రభుత్వపరం అయ్యాయి. ఊళ్లోనే ఉండి తమ వీధి నుంచి ఇంకో వీధికి తరలినవాళ్ల ఇళ్లు కూడా ఆ లెక్కలోకే వెళ్లాయి. అదే ఏడాది జాఫాను టెల్ అవీవ్‌లో కలిపేశారు. 1909లో టెల్ అవీవ్ మొదలైంది జాఫాకు శివారుగా. నలభై ఏళ్లు తిరిగేసరికి శివారు ఊరైంది, ఊరు శివారైంది.

ఖాళీ అయిన ఇళ్లలోకి యూరప్ నుంచి వచ్చిన యూదులు దిగారు. వాళ్లలో బల్గేరియా నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ. హిట్లర్ కాలాన్ని దాటి, ఉన్నదంతా వదులుకుని, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చినవాళ్లు కూడా ఆ గుంపుల్లో ఉన్నారు. చాలా ఇళ్లలో ఒక గదిలో అరబ్బు కుటుంబం, పక్క గదిలో యూదు కుటుంబం. వంటిల్లు ఒకటే, స్నానాలగది ఒకటే. ఒకరు ఇల్లు పోగొట్టుకున్నవాళ్లు, ఇంకొకరు దేశమే పోగొట్టుకుని వచ్చినవాళ్లు. ఆ వంటింట్లో పొయ్యి వంతుల దగ్గర ఎన్ని తగాదాలు వచ్చి ఉంటాయో, ఎన్ని రాత్రుళ్లు ఒకరి పిల్లల్ని ఇంకొకరు చూసుకుని ఉంటారో నేను చాలాసార్లు ఊహించుకున్నాను. ఒకే పేటలో రెండు జాతులు కలిసి బతకడం అంటే సమావేశాల్లో చేతులు కలపడంగా మనకు కనిపిస్తుంది. అక్కడ అది మొదలైంది ఒక వంటింట్లో.

తర్వాత యూదులు క్రమంగా కొత్త కాలనీలకు వెళ్లిపోయారు, అజమీ పాడుబడింది. పాత ఇళ్లు కూలగొట్టి ఆ రాళ్లూ మట్టీ సముద్రం ఒడ్డున గుట్టలుగా పోశారు. కొన్నేళ్లకు సముద్రం కనబడే ఇంటికి ధర పెరిగింది. డబ్బున్నవాళ్లు వచ్చారు, గేట్లు వేసిన భవన సముదాయాలు లేచాయి. ప్రభుత్వ ఇళ్లలో అద్దెకుంటున్న వందలాది అరబ్బు కుటుంబాలకు ఖాళీ చేయమని నోటీసులు వచ్చాయి. చాలామంది అలా అద్దెకుంటున్నది ఒకప్పుడు తమలాంటివాళ్లవే అయిన ఇళ్లలో. ఈ సినిమా చిత్రీకరణ ఆ రోజుల్లో జరిగింది.

ఇప్పుడు సినిమాలోని ఇంకో సన్నివేశానికి వస్తాను. పేటలో ఉండే ఒక యూదు పెద్దాయన రాత్రి పొరుగింటి గొర్రెల అరుపులకు నిద్ర పట్టడం లేదని ఫిర్యాదు చేస్తాడు. అరబ్బు కుర్రాళ్లు ఎదురు జవాబు చెబుతారు. మాట మీద మాట పెరుగుతుంది. ఎవరైనా ఒక్కరు నవ్వి ఊరుకుంటే అక్కడితో అయిపోయేదే అనిపిస్తుంది. అవదు. కత్తి బయటికి వస్తుంది. గొర్రెల అరుపుకి ఒక మనిషి ప్రాణం పోతుంది. ఈ పేట ఎవరిది అన్న ప్రశ్న ఎవరి నోటా రాదు. కానీ గొంతులు పెరిగే తీరులో, నువ్వు నాకు చెప్పేదేమిటన్న ఆ విసురులో అదే వినబడుతుంది. ఈ చావు తర్వాత పోలీసులు రంగంలోకి వస్తారు, అప్పటిదాకా వేరువేరుగా నడిచిన కథలు ఒకదానికొకటి ముడిపడతాయి.

ఆ పోలీసుల్లో దాందో ఒకడు, యూదుడు. విధుల్లో మొరటు మనిషి. ఇంట్లో చిన్న కూతురితో ఆడుకునేటప్పుడు మాత్రం వేరే మనిషి. సైన్యంలో పనిచేసే అతని తమ్ముడు కనిపించకుండా పోయాడు. తల్లి రోజూ ఎదురుచూస్తోంది. ఎక్కడో ఏ చిన్న ఆధారం దొరికినా దాందో పరుగెత్తుతాడు. చివరికి వెస్ట్ బ్యాంక్‌లో అవశేషాలు దొరుకుతాయి. ఆ కుటుంబం ఏడ్చే ఏడుపుకీ, సినిమా మొదట్లో వీధిలో చచ్చిపోయిన కుర్రాడి ఇంటి ఏడుపుకీ తేడా ఉందేమోనని చెవి పెట్టి విన్నాను. భాష ఒక్కటే వేరు.

బింజ్ సంగతి కూడా చెప్పాలి. హోటల్లో వంటవాడు. ఆ పాత్రను దర్శకుడు కోప్తీ స్వయంగా వేశాడు. బింజ్‌కు టెల్ అవీవ్‌లో యూదు ప్రియురాలు ఉంది. ఆమెతో కలిసి ఉండడానికి పేట వదిలి వెళ్లాలనుకుంటున్నాడు. మమ్మల్ని వదిలేసి వాళ్లలో కలిసిపోతావా అని స్నేహితులు నిలదీస్తారు. మొదట అంతా వేళాకోళంలా ఉంటుంది. కాసేపటికి అందులో ఎవరికీ నవ్వు మిగలదు. బింజ్ జవాబు చెప్పడానికి తడబడతాడు. అతనికి ఏమవుతుందో నేను చెప్పను. అతని గురించి ఒక్కొక్కరూ ఒక్కో కథ నమ్ముతారనీ, ఆ నమ్మకాల మీదే తక్కిన వాళ్ల బతుకులు తలకిందులవుతాయనీ మాత్రం చెబుతాను.

సినిమాకు ఐదు అధ్యాయాలున్నాయి. అవి జరిగిన వరుసలో రావు. ఒక సంఘటన మొదట ఒకరి వైపు నుంచి చూస్తాం, ఏం జరిగిందో తెలిసిపోయిందనుకుంటాం. ఎవరు మంచివాడో ఎవరు దుర్మార్గుడో తీర్పు కూడా ఇచ్చేస్తాం. గంట తర్వాత అదే చోటికి ఇంకొకరి వెనకాల నడిచి వస్తాం. ఇందాక దుండగుడనుకున్నవాడు వేరే మనిషని తెలుస్తుంది. చచ్చిపోయాడనుకున్నవాడు చావలేదని తెలుస్తుంది. ఒక జేబు గడియారం ఉంది ఈ కథలో. దాన్ని ఒక అబ్బాయి ఒక కారణంతో దగ్గర పెట్టుకుంటాడు, ఇంకొకరు దాన్ని చూసి ఇంకో అర్థం చేసుకుంటారు. ఆ అర్థం తప్పని మనకు తెలుసు, చూసేవాడికి తెలియదు. కుర్చీలోంచి లేచి తెర మీదికి కేకేసి చెప్పాలనిపిస్తుంది.

నేను దీన్ని మొదటిసారి ఒక ఫిల్మ్ సొసైటీ ప్రదర్శనలో చూశాను. సగంలో నాకు కోపం వచ్చింది, దర్శకులు కావాలని తికమక పెడుతున్నారనిపించింది. చివరి అధ్యాయం అయ్యాక ఆ కోపం ఏమైపోయిందో తెలియదు. వాళ్లు నన్ను ఆ పేటలో మనిషిని చేసి కూర్చోబెట్టారని అప్పుడు అర్థమైంది. ఆ వీధిలో ఎవరికీ కథ మొత్తం తెలియదు. తన గుమ్మంలోంచి కనిపించినంత మేరకే ప్రతివాడూ న్యాయం చెబుతాడు, తుపాకీ తీస్తాడు.

ఈ నటులెవరూ నటులు కారు. అజమీలో, చుట్టుపక్కల ఉండే మామూలు మనుషులు. దాందో పాత్ర వేసిన ఎరాన్ నయీమ్ నిజంగానే ఒకప్పుడు పోలీసు. దర్శకులు వీళ్లతో దాదాపు పది నెలలు శిక్షణ శిబిరాలు నడిపారు. స్క్రిప్టు ఎవరి చేతికీ ఇవ్వలేదు. నువ్వు ఫలానా మనిషివి, నీ ఇంట్లో పరిస్థితి ఇది, ఇప్పుడు ఈ గదిలోకి వెళ్లు అని చెప్పేవారు, అంతే. ఎదుటివాడు ఏమంటాడో, తర్వాత ఏం జరుగుతుందో వాళ్లకు తెలియదు. కథ జరిగే వరుసలోనే 23 రోజుల్లో, రెండు కెమెరాలతో తీశారు. తీసింది 80 గంటల ఫిల్ము. దాన్ని రెండు గంటలకు కుదించడానికి ఏడాదికి పైగా పట్టింది. సుల్హాలో ముఖాలు వాడిపోవడం, గొర్రెల తగాదాలో మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోవడం అంత నిజంగా ఎందుకున్నాయో ఇప్పుడు తెలిసిందిగా.

భాష సంగతి. జాఫా అరబ్బులు తమలో తాము అరబ్బీలో మాట్లాడుకుంటూ మధ్యలో బెసేదర్ అంటారు. అది హీబ్రూ మాట, సరే, బాగుంది అని. యూదు కుర్రాళ్లు హీబ్రూలో మాట్లాడుకుంటూ యల్లా అంటారు, సబాబా అంటారు, హబీబీ అంటారు. అవి అరబ్బీ మాటలు. గల్ఫ్ వెళ్లొచ్చిన మనవాళ్ల నోట యల్లా యల్లా అని నేనూ విన్నాను. ఇజ్రాయెల్‌లో ముసలివాళ్లకు సేవ చేసే పనుల్లో ఉన్న మన తెలంగాణ వాళ్లకు ఈ రెండు భాషల కలగలుపు రోజూ వినబడుతుంది. మాటలు అలా గోడ దూకి అటూ ఇటూ తిరుగుతుంటే ముచ్చటేస్తుంది. కానీ ఇచ్చిపుచ్చుకోవడం సమానంగా లేదు. అరబ్బు హీబ్రూ నేర్చుకోకపోతే ఉద్యోగం లేదు, ఆసుపత్రిలో మాట సాగదు. యూదుడు అరబ్బీ రాకుండా హాయిగా బతికేయగలడు. 2018లో వచ్చిన చట్టం అరబ్బీకి అప్పటిదాకా ఉన్న అధికార భాష హోదాను కూడా తీసేసి ప్రత్యేక హోదా అని చెప్పింది. ఇజ్రాయెల్ జనాభాలో అరబ్బులు ఐదో వంతు.

ఈ సినిమాలో ఎక్కువ భాగం అరబ్బీయే. అంటే టెల్ అవీవ్‌లోని ప్రేక్షకుడు నడిచి వెళ్లగలిగేంత దూరంలో ఉన్న తన సొంత ఊరి మనుషులు ఏమనుకుంటున్నారో తెలుసుకోవడానికి తెర కింద అక్షరాలు చదువుకోవాలి. నాకు ఈ సినిమా సాధించిన అన్ని బహుమతుల కంటే ఆ సంగతే పెద్దగా అనిపిస్తుంది.

బహుమతులు బాగానే వచ్చాయి. 2009లో కాన్ చిత్రోత్సవంలో తొలి చిత్రాలకిచ్చే కెమెరా దోర్ విభాగంలో ప్రత్యేక ప్రస్తావన దక్కింది. ఇజ్రాయెల్ జాతీయ పురస్కారమైన ఓఫిర్ ఉత్తమ చిత్రంగా వచ్చింది. ఆస్కార్‌కు ఆ దేశం పంపిన చిత్రాల్లో ప్రధానంగా అరబ్బీలో నడిచింది ఇదే మొదటిది. చివరి ఐదింటిలో నిలిచింది, 2010 మార్చిలో బహుమతి అర్జెంటీనా చిత్రానికి వెళ్లింది. ఆ వేడుకకు ముందు కోప్తీ, తనకు ప్రతినిధిగా ఉండని దేశానికి తాను ప్రతినిధిని కాలేనన్న అర్థంలో మాట్లాడాడు. దేశంలో దుమారం రేగింది. ప్రభుత్వ నిధి సాయంతో తీసిన సినిమా కదా, దేశం లేకపోతే ఆ ఎర్ర తివాచీ మీద నడిచేవాడివా అని సాంస్కృతిక మంత్రి లిమోర్ లివ్నాత్ బహిరంగంగా జవాబిచ్చింది. ఏడేళ్లు కలిసి పనిచేసిన షానీ, కోప్తీ ఈ విషయం మీద ఒకే మాట చెప్పలేదు. షానీ ఇది ఇజ్రాయెల్ సినిమాయే అన్నాడు. ఒకే సినిమాకు ఇద్దరు తండ్రులు, ఇద్దరూ దానికి వేరువేరు ఇంటిపేర్లు పెట్టారు. నాకైతే ఆ విభేదంలో మోసం కనిపించలేదు. సినిమాలో ఉన్న నిజాయితీయే సినిమా బయట కూడా కనిపించింది.

లోపాలు లేవా? ఉన్నాయి. ఆడవాళ్లకు ఈ కథలో చోటు తక్కువ. హదీర్ ఏమనుకుంటోందో, ఒమర్ తల్లి రాత్రిళ్లు ఎలా గడుపుతోందో ఇంకా వినాలనిపిస్తుంది. మా పేటను మత్తుమందులూ తుపాకులూ తప్ప మరేమీ లేని చోటుగా చూపించారని జాఫా వాళ్లు కొందరు బాధపడ్డారు. ఆ బాధలో న్యాయముంది. బడికెళ్లే పిల్లలు, రొట్టెలు కాల్చే దుకాణాలు, చేపలు పట్టేవాళ్లు ఉన్న పేటే కదా అదీ. ఆడవాళ్ల లోటును కోప్తీ తర్వాత కొంత తీర్చుకున్నాడు. 2024లో అతను హైఫా నేపథ్యంగా తీసిన ‘హ్యాపీ హాలిడేస్’లో అరబ్బు, యూదు కుటుంబాల ఆడవాళ్లే కథను మోస్తారు. దానికి వెనిస్‌లో ఓరిజోంతి విభాగంలో ఉత్తమ స్క్రీన్‌ప్లే బహుమతి వచ్చింది.

సినిమా వచ్చి పదిహేనేళ్లు దాటింది. 2021 మేలో గాజా మీద బాంబులు పడుతున్న రోజుల్లో జాఫా, లోద్, ఎకర్ లాంటి ఉమ్మడి ఊళ్లలో పొరుగువాళ్లు పొరుగువాళ్ల మీద పడ్డారు. అజమీలో ఒక అరబ్బు ఇంటి మీద ఎవరో పెట్రోలు బాంబు విసిరారు. చిన్న పిల్లవాడు ఘోరంగా కాలిపోయాడు. యూదులే చేశారని పేట అట్టుడికింది. కొద్ది రోజులకు పోలీసులు అరబ్బు యువకులను పట్టుకున్నారు. అది యూదుల ఇల్లనుకుని విసిరారని తేల్చారు. ఆ వార్త చదివినప్పుడు నాకు కారు బాగుచేసుకుంటూ ఒమర్ బదులు చచ్చిపోయిన ఆ కుర్రాడు గుర్తొచ్చాడు. 2023 అక్టోబరు ఏడు, ఆ తర్వాత గాజాలో జరిగింది మీకు తెలుసు. 2024 అక్టోబరు ఒకటిన జాఫాలో ట్రాము దగ్గర జరిగిన కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. అయినా అదే జాఫాలో ఇవాళ పొద్దున కూడా అరబ్బు ఫార్మసిస్టు యూదు ముసలమ్మకు మందులు లెక్కపెట్టి ఇచ్చే ఉంటుంది.

దర్శకులు ఈ మొత్తం కథను పదమూడేళ్ల నస్రీ గొంతులో ఎందుకు పెట్టారా అని చాలాకాలం ఆలోచించాను. ఇంట్లో పెద్దవాళ్లు డబ్బు గురించి, పగ గురించి గుసగుసలాడుతుంటే పిల్లల్ని బయటికి పొమ్మంటారు. పిల్లలు బయటికి పోయినట్టే పోయి తలుపు వెనక నిలబడతారు. నస్రీ అలా విన్నవన్నీ గీస్తాడు. వాడికి ముందే కొన్ని కనబడతాయి కూడా, ఏదో చెడు జరగబోతోందని లోపల అనిపిస్తుంది. చెప్పినా వినేవాళ్లు లేరు. ఒమర్ మంచివాడే, తమ్ముణ్ణి ప్రాణంగా చూసుకుంటాడు. ఒక రోజు వాణ్ణి కారులో కూర్చోబెట్టి, కదలొద్దని చెప్పి వెళతాడు.

మీలో ఎవరైనా ఈ సినిమా చూసేట్టయితే, మధ్యలో లేవకండి. రెండు గంటలే. అర్థం కాలేదని వెనక్కి తిప్పుకోవద్దు, ముందుకే వెళ్లండి. రెండోసారి చూసేటప్పుడు మాత్రం మొదటి పది నిమిషాల్లో నస్రీ గీస్తున్న కాగితాల దగ్గర కాసేపు ఆగండి.